హికరీ కొండ ఎక్కిన బండి

1911 అక్టోబరు. ఇండియానా దక్షిణాన హికరీ కొండ మీద చర్చి, కొండ కింద ఆగిపోయిన ఒక ట్రాక్సెల్ మోటారు బగ్గీ. ఆ బగ్గీని తయారుచేసిన ఆంబ్రోస్ ట్రాక్సెల్, భార్య లవీనాను వెంటబెట్టుకుని మామగారి అంత్యక్రియలకు బయలుదేరాడు. ఇప్పుడు బండి ముందు వంగి, చెమటలు కక్కుతూ హ్యాండిల్ తిప్పుతున్నాడు.

"మీరు ఎన్నిసార్లు తిప్పినా అది అంతేనండీ."

"ఉండు లవీనా. ప్లగ్గుకి మసి పట్టింది. ఒక్క నిమిషం."

"ఆ ఒక్క నిమిషం ఇందాకట్నుంచీ అవుతూనే ఉంది. మసీ కాదు, మట్టీ కాదు. కొండ. ఎదురుగా అంత కొండ పెట్టుకుని ప్లగ్గంటారేమిటి?"

"కొండ నాకూ కనిపిస్తోందిలే."

"కనిపించాలిగా మరి! మన వెల్టన్‌లో ఎత్తంటే రైలు కట్ట ఒక్కటే. మొదటి బండి ఆ కట్ట ఎక్కిందని ఊరుఊరంతా టోపీలు ఎగరేశారు. బ్యాండు కూడా పెట్టించారు మీరు."

"ఇప్పుడా మాటలు దేనికి? పైన చర్చిలో మీ నాన్న శవపెట్టెలో ఉన్నాడు. ఆ మాత్రం..."

"ఆయన పెట్టెలో ఉన్నాడనే అంటున్నా. వెనక్కి తిప్పండి బండిని. వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించండి. వెనకవైపు పైకి ఉంటే పెట్రోలు ఇంజన్లోకి దిగుతుంది, చక్కగా ఎక్కుతుంది. కొన్నవాళ్ళందరికీ చివరికి మీరు చెప్పిన ఉపాయం అదేగా."

"వాళ్ళకి చెప్పాను. నేను చెయ్యను."

"ఎందుకో?"

"ఎందుకా? మామగారి అంత్యక్రియలకి చర్చి గుమ్మంలోకి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోనా? నా పేరు బండి మీద ఇంతింత ఇత్తడి అక్షరాల్లో ఉంది. డాక్టర్ వెబ్‌స్టన్ ఉంటాడక్కడ. మిల్లు వాళ్ళుంటారు. అందరూ నా దగ్గర బండ్లు కొన్నవాళ్ళే. మెట్ల మీద నిలబడి నా వీపు చూస్తారు. వద్దు లవీనా, నావల్ల కాదు. అంతకంటే ఈ వాగులో పడి చావడం నయం."

"మెట్ల మీద ఒక్క మనిషీ లేడండీ. చూడండోసారి."

"లేరా?"

"ఒక్కరూ లేరు. ఇదేం విడ్డూరమో! చావుకి ఇక్కడ సగం మంది బయటే నిలబడతారు. గుర్రబ్బండ్లన్నీ ఉన్నాయి, మనుషులు లేరు. తలుపులు కూడా వేసేసినట్టున్నారు."

"నా మొహం చూడ్డం ఇష్టంలేక. కంపెనీ మూతపడిందని తెలిసిపోయింది. సోమవారం వేలమని పేపర్లో వేశారుగా."

"మీ మొహం గురించి ఆలోచించడానికి వచ్చారా వాళ్ళు? నాన్న కోసం వచ్చారు. నాన్న ఏం అడిగాడు నన్ను? చివరి మాట. పెద్దగా ఏమీ అడగలేదు. 'నన్ను శ్మశానానికి ఆంబ్రోస్ బండిలో తీసుకెళ్ళండి, ఆంబ్రోసే నడపాలి' అన్నాడు. చర్చి నుంచి శ్మశానం దాకా, ఆ కాస్త దూరం. అది కూడా చెయ్యలేకపోతే నేను అమ్మకి ఏం మొహం చూపించను?"

"చేస్తానన్నానుగా."

"ఎలా? ఇక్కణ్ణుంచా?"

"అరవకు. ఎవరో వస్తున్నారు."

"ఎవరో ఏమిటి, ఎనాక్ బాబాయ్. నాన్న పక్క పొలం ఆయన. ఎనాక్ బాబాయ్! ఇటు, ఇటు!"

"చూశా తల్లీ, చూశా. ఏం అల్లుడుగారూ, బాగున్నారా? బండి కాస్త... అలిసిందా?"

"ప్లగ్గుకి మసి పట్టింది ఎనాక్ గారూ."

"ఆఁ, పడుతుంది పడుతుంది. మసికేం, ఎక్కడైనా పడుతుంది. ఇవిగో, నా కంచరగాడిదలు ఖాళీగానే ఉన్నాయి. తాడు కూడా ఉంది. మీరు ఊఁ అంటే..."

"వద్దు."

"రెండూ నెమ్మదైనవేనండీ. కుదుపు కూడా తెలీదు."

"వద్దన్నానా! దారిపొడుగునా పిల్లకాయలు 'గుర్రం కట్టుకో, గుర్రం కట్టుకో' అని అరుస్తూనే ఉన్నారు. ఇప్పుడు నిజంగానే కట్టుకుని పోవాలా? అదీ గాడిదల్ని!"

"కంచరగాడిదలండీ."

"ఏదైతే ఏం?"

"ఆయన్ని కసరకండి. పాపం, సాయం చేస్తానంటున్నాడు. బాబాయ్, ఏమీ అనుకోకు. ఈయనకి పొద్దుట్నుంచీ తిండి లేదు. వెనక సీట్లో పంది తొడ కాల్చి తెచ్చాను, అది కూడా ముట్టలేదు."

"అనుకోడానికేముంది తల్లీ. అల్లుడుగారి బాధ అల్లుడుగారిది."

"ఆగు లవీనా. ఆగు. నాకొకటి తట్టింది. మామగారి బండి ఎక్కడుంది?"

"నాన్న బండా? నాన్న మంచం పట్టాక చర్చి వెనక షెడ్డులోనే ఉందని అమ్మ రాసింది. ఆదివారం ఆదివారం దాంట్లోనేగా..."

"అదీ! అది కూడా నా చేతి బండే, నా పేరున్న బండే. మనం నడిచి పైకెళదాం. దీన్ని ఆ పొదల చాటుకి నెట్టేద్దాం. ఆయన్ని ఆయన బండిలోనే తీసుకెళ్తా, నేనే నడుపుతా. ఆయన మాటా నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. ఏమంటావు?"

"అది బాగానే ఉంది. ఆ మాట ఇందాకే అనొచ్చుగా! బాబాయ్, బండి పైనే ఉందిగా?"

"బండా? బండి... పైనే ఉంది."

"హమ్మయ్య. పదండి."

"ఉంది గానీ తల్లీ, అది... ఇప్పుడు పనికిరాదేమో."

"ఎందుకు పనికిరాదు?"

"టైర్లలో గాలి లేదు."

"పంపు ఉంది నా దగ్గర."

"పెట్రోలు కూడా లేదు. చుక్క లేదు."

"డబ్బా ఉంది వెనకాల. నిండుగా ఉంది."

"హ్యాండిల్... హ్యాండిల్ పోయిందండీ. ఎక్కడో పడిపోయింది. వెతికాం, దొరకలేదు."

"నా హ్యాండిల్ పెడతా. నేను తయారుచేసిన ప్రతి బండికీ ఒకటే హ్యాండిల్. ఏంటి ఎనాక్ గారూ, ఎందుకలా నీళ్ళు నములుతున్నారు?"

"ఏం లేదండీ."

"బాబాయ్, నా వంక చూసి చెప్పు. ఏమైంది నాన్న బండికి?"

"అల్లుడుగారూ, హ్యాండిల్ పెడతానంటున్నారు. పెట్టడానికి ముందు వైపు ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోవడమేమిటి?"

"ఇంజను లేదు. నా కొట్టంలో ఉంది. మొక్కజొన్న గింజలు ఒలుస్తోంది. బాగా పనిచేస్తుందండీ, అబద్ధమెందుకు. మంచి ఇంజను."

"మామగారి బండిలో ఇంజను తీసేశారా?"

"పోయినేడాది చలికాలంలో తీశాం. బరువని. డాలీకి వయసైపోయింది, అంత బరువు లాగలేకపోతోంది. దాన్ని చూసి రెండోదీ మొరాయిస్తోంది."

"డాలీ ఎవరు?"

"ఇదిగో, ఈ ఎడమవైపుది."

"బాబాయ్."

"అమ్మా."

"నాన్న బండిని కంచరగాడిదలు లాగాయా?"

"మొదట్నుంచీ అవే లాగాయి తల్లీ. మొదటి ఆదివారం ఇదిగో ఇక్కడే ఆగింది, సరిగ్గా ఇక్కడే. మీ నాన్న దిగి దాని చుట్టూ తిరిగాడు. చాలాసేపు తిరిగాడు. తర్వాత నా కొట్టం తలుపు తట్టాడు. 'ఎనాక్, జనం రాకముందే దీన్ని పైకి చేర్చాలి' అన్నాడు. చేర్చాం. జనం వచ్చేసరికి బండి చర్చి ముందు నిగనిగలాడుతూ నిలబడి ఉంది. మీ నాన్న దాని పక్కన నిలబడి అందరికీ చేతులు కలిపాడు. తర్వాత ప్రతి ఆదివారం అంతే."

"మరి తిరిగొచ్చేటప్పుడు?"

"కిందికి దిగడానికి ఇంజనెందుకండీ? బ్రేకు వదిలేవాడు, హారన్ కొట్టుకుంటూ ఇంటి ముందు దిగేవాడు. అది మాత్రం భలే సరదా ఆయనకి."

"రివర్సులో ఎక్కించొచ్చుగా? నేను చెప్పానుగా అందరికీ?"

"ఆయన మెడ తిరగదుగా అల్లుడుగారూ. వెనక్కి చూడలేడు. నేను నడుపుతానన్నా, ఒప్పుకోలేదు. 'దేవుడికి వీపు చూపిస్తూ ఎప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోను' అన్నాడు. పైగా రివర్సులో పోతే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? మా అల్లుడి బండి ముందుకి ఎక్కదని తెలిసిపోదూ?"

"ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేవాడు బాబాయ్ నాకు. 'మేకపిల్లలా ఎక్కేస్తుందే లవీనా' అని. చేత్తో ఇలా ఇలా చూపించేవాడు. నేను నమ్మాను. ఈయనా నమ్మాడు."

"నమ్మడమా? నమ్మడం కాదు లవీనా. నేను దాన్ని అచ్చు వేయించాను. 'డెబ్భై ఏళ్ళ పెద్దాయన ప్రతి ఆదివారం హికరీ కొండ ఎక్కుతున్నారు' అని. పేపర్లన్నిట్లో వేయించాను. దేవుడా. కొండలున్న ఊళ్ళన్నిటికీ అది చూపించే అమ్మాను."

"కూర్చోండి. ఆ ఫుట్‌బోర్డు మీద కూర్చోండి. మీ మొహం పాలిపోయింది."

"మా ఇంజనీరు హాల్వర్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. 'టాంకు సీటు కింద వద్దు దొరా, పైకి జరుపుదాం, ఎత్తు మీద పెట్రోలు దిగదు' అని. వారానికోసారి వచ్చి చెప్పేవాడు. నేనేమన్నాను? టాంకు పైకి జరిపితే సీటు వంపు పాడవుతుందన్నాను. మా నాన్న గుర్రబ్బగ్గీలు చేసిన నాటి వంపు అది, దాన్ని చెడగొట్టనన్నాను. కొండ సంగతేంటంటే, మా మామగారు ఎక్కిస్తున్నాడుగా అన్నాను. ప్రతిసారీ అదే మాట. ఇంజనీరు నోరు మూయించడానికి నాకు ఇంకేం కావాలి?"

"హాల్వర్ వెళ్ళిపోయింది కూడా..."

"ఆ మాట తేకు."

"పోయినేడాది థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు. పండగ రాత్రి పని చేసేవాళ్ళందరినీ కూర్చోబెట్టి టర్కీ కోడి పెట్టాం. నాన్న కూడా వచ్చాడు, ఎప్పుడూ రానివాడు. మీరు గ్లాసు పట్టుకుని లేచారు. 'ఈ పెద్దాయన ఉండగా నాకు ఇంజనీర్లెందుకు' అన్నారు. అందరూ బల్లలు చరిచారు. హాల్వర్ తల దించుకుని తింటున్నాడు, తింటూనే ఉన్నాడు. తెల్లారేసరికి లేడు."

"మీ నాన్న ఎందుకొచ్చాడనుకున్నావు తల్లీ అక్కడికి?"

"మమ్మల్ని చూడ్డానికి."

"చెప్పేద్దామని వచ్చాడు. నాతో చెప్పి మరీ రైలెక్కాడు. 'ఇది ఇంక నావల్ల కాదు ఎనాక్, నా మాట నమ్మి ఆ కుర్రాడు తప్పు దారిన పోతున్నాడు, నిజం చెప్పేసి వస్తా' అన్నాడు. తిరిగొచ్చాక స్టేషన్ నుంచి నేనే తీసుకొచ్చా. ఇంటి దగ్గర బండి దిగి అప్పుడన్నాడు. 'లేచి నిలబడి నన్ను పొగిడాడురా. అంతమంది ముందు నన్ను తండ్రి అన్నాడు. ఎలా చెప్పను?' అని. ఆ మర్నాడే ఇంజను తీసేద్దామన్నాడు."

"ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే కంపెనీ బతికేది. నలభై కుటుంబాలు..."

"చెప్పనిచ్చారా మీరు?"

"లవీనా..."

"చెప్పనిచ్చారా అని అడుగుతున్నా. మీరు కూర్చుంటే కదా ఆయన లేచేది. మీ మాట ఆగితే కదా ఇంకొకరు నోరు తెరిచేది. నాన్నకి కోపం రావాలి మీ మీద. రాలేదు. మీ పరువు కోసం తెల్లవారకముందే లేచి గాడిదల వెనకాల నడిచాడు, ఆ వయసులో. నాకు ఏడవాలో అరవాలో తెలీడం లేదు."

"అరిచెయ్. గట్టిగా అరిచెయ్."

"అరవను. ఆయన పైన వింటాడు."

"ఎనాక్ గారూ, ఒకటి చెప్పండి. డాక్టరు వెబ్‌స్టన్‌కి ఈ సంగతి తెలుసా?"

"వదిలెయ్యండి అల్లుడుగారూ."

"తెలుసా?"

"తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"మొదట చూసింది ఆయనే. ఎవరిదో కాన్పు చేసి తెల్లవారుజామున వస్తున్నాడు. మేం సగం కొండ మీదున్నాం. మీ మామగారు బండి వెనక నెడుతున్నాడు. డాక్టరు గుర్రాన్ని ఆపాడు. చూశాడు. వెనక్కి తిరిగి, చుట్టుదారిన ఇంటికి పోయాడు."

"జిల్లా ప్రదర్శన కంటే ముందా, తర్వాతా?"

"చాలా ముందండీ."

"ముందే. ముందే తెలుసు! నేనేమన్నానో నీకు గుర్తుందా లవీనా ఆ రోజు?"

"ఉంది. వద్దు."

"ప్రదర్శనలో ఆయన నా దగ్గరికి మర్యాదగానే వచ్చాడు. 'కొండ మీద కాన్పుకి పోతుంటే మీ బండి సగంలో ఆగిందండీ, సంచి మోసుకుంటూ పరిగెత్తాను, బిడ్డ పుట్టాక చేరాను' అన్నాడు. అంతమంది ముందు నేను నవ్వాను. మామగారి భుజం మీద చెయ్యేసి, 'డాక్టరుగారూ, మీరు మార్చాల్సింది బండిని కాదు, మీ చేతుల్ని. ఈ పెద్దాయన్ని చూసి నేర్చుకోండి' అన్నాను. జనం విరగబడి నవ్వారు. డాక్టరు చేతుల్ని అన్నాను ఆ మాట. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిన చేతులవి!"

"ఆయన నోరు తెరిచాడండీ. నేను పక్కనే ఉన్నా. చెప్పేసేవాడే. మీ మామగారి వంక చూశాడు. మీ మామగారు నేల చూపులు చూస్తున్నాడు. డాక్టరు టోపీ పెట్టుకుని, 'నిజమే, నాకు చేతకాదు' అని వెళ్ళిపోయాడు."

"సిగ్గుతో చచ్చిపోతున్నాను లవీనా. ఇంకా ఎవరికి తెలుసు ఎనాక్ గారూ? చెప్పెయ్యండి, ఇంక దాచకండి."

"అందరికీ."

"అందరికీనా?"

"ఎవరు ఎవరికి చెప్పారో తెలీదండీ. ఎవరూ చెప్పినట్టు లేదు. కానీ అందరికీ తెలుసు. ఈ ఏడాది ఆయన పొద్దున్నే లేవలేకపోయేవాడు, ఆలస్యమయ్యేది. అప్పుడు జనమంతా ఆ వాగు దగ్గర ఆగిపోయేవారు. నేను కంచరగాడిదల్ని దింపుకుని వచ్చేదాకా గుర్రాలకి నీళ్ళు పెడుతున్నట్టు నటించేవారు. పాస్టరుగారు కూడా అక్కడే నిలబడి గుర్రానికి నీళ్ళు పెట్టేవాడు. ఇంక తాగలేక మొహం తిప్పుకునేవండీ గుర్రాలు."

"నాన్నకి తెలుసా, వాళ్ళకి తెలుసని?"

"ఏమో తల్లీ. ఒకసారి మాత్రం నా వంక చూసి అన్నాడు. 'ఎనాక్, ఈ ఊరి గుర్రాలకి ఎంత దాహమో చూశావా?' అని. అంతే. మళ్ళీ ఆ మాట లేదు."

"అయ్యో నాన్నా..."

"ఏడు తల్లీ, ఏడు. మంచిదే. పైన గంట కొట్టేదాకా టైముంది."

"గంట ఇప్పటికే కొట్టి ఉండాలిగా బాబాయ్?"

"ఉండాలి. కొట్టలేదు."

"ఎందుకు?"

"ఉండు తల్లీ, ఈ తాడు చిక్కుపడింది."

"ఎనాక్ గారూ, మీరు ఇటు ఎలా వచ్చారు? మీ ఇల్లు అవతల కదా. అంత్యక్రియలకి నల్లకోటు వేసుకున్నవాళ్ళు కంచరగాడిదల్ని తోలుకుంటూ తిరగరే."

"ఊరికే వచ్చానండీ."

"ఊరికే, తాడు పట్టుకుని?"

"నిజం చెప్పమంటారా? పొద్దుట్నుంచీ ఆ చెట్ల వెనకాలే ఉన్నా. మీ బండి వస్తుందని."

"ఎవరు ఉండమన్నారు?"

"ఇంకెవరు? ఆయనే. పోయే ముందు పిలిపించాడు. 'ఆంబ్రోస్ వస్తాడు, బండిలోనే వస్తాడు, ఇక్కడే ఆగిపోతాడు. నువ్వు అక్కడ ఉండు. అనుకోకుండా వచ్చినట్టు రా. వాడితో అడిగించుకోకు, చిన్నబోతాడు' అన్నాడు. నేనే సరిగ్గా చెయ్యలేకపోయా. నాకు నటించడం రాదు."

"మరి ఆ తలుపులు?"

"అది పాస్టరుగారి పని. మీరు పైకి చేరేదాకా ఎవరూ చూడకూడదని అందర్నీ లోపలికి తోలి తలుపులు వేయించాడు. కిటికీ రెక్కలు కూడా మూసేశారు. చీకట్లో కూర్చుని ఉన్నారండీ అందరూ. గంట కూడా ఆపింది అందుకే. బండి వచ్చి నిలబడ్డాక నేను తలుపు తడతా, అప్పుడు తీస్తారు."

"డాక్టరు కూడా లోపలే ఉన్నాడా?"

"కిటికీలు మూసింది ఆయనే."

"ఏమండీ. ఏం చేద్దాం? రివర్సులో పోదామా, నడిచి పోదామా? మీరు ఎలా అంటే అలా. నేనింక ఏమీ అనను."

"తాడు కట్టండి ఎనాక్ గారూ."

"అల్లుడుగారూ?"

"కట్టండి. ముందు వైపు, ఇదిగో ఈ ఇత్తడి అక్షరాల కిందే. డాలీ లాగలేకపోతే నేను వెనకనుంచి నెడతా. మామగారు నెట్టలేదూ?"

"నెట్టక్కర్లేదు గానీ, మీరు ఆ పక్కదారిన నడిచి రండి. పైకి చేరాక ఎక్కి కూర్చుందురు. తర్వాత తలుపు తడతా. పురుగుకి కూడా తెలీదు."

"పక్కదారి వద్దు. లవీనా, నువ్వు ఎక్కు. ఆ కోటు అంచు చక్రంలో పడుతుంది, తీసుకో. హారన్ నీ చేతికి అందుతోందా?"

"అందుతోంది. ఎందుకు?"

"కొట్టు."

"పిచ్చా మీకు? ఆ మోతకి తలుపులు తీసుకుని అందరూ బయటికొస్తారు!"

"వాళ్ళు తలుపులు మూసుకుంది మీ కోసమే అల్లుడుగారూ."

"తెలుసు. గట్టిగా కొట్టు లవీనా, ముందు డాక్టరుగారు బయటికి రావాలి."